శుక్రవారం కొబ్బరికాయ, ఎర్రకారు అద్దం

మా నాయన చిత్తూరులో ముప్పై ఏళ్లు స్టీలు సామాన్ల అంగడి నడిపాడు. అన్నేళ్లలో మా అమ్మని అడక్కుండా ఆయన కొన్న వస్తువు ఒక్కటే. అంగడి అద్దెకిచ్చి ఇంట్లో కూర్చున్న ఏడు, అరవై రెండేళ్ల వయసులో, బెంగళూరుకు పోయి ఎవరో వాడి వదిలేసిన ఎర్ర స్పోర్ట్స్ కారు తోలుకొని వచ్చాడు. దానికి రెండే సీట్లు. ఇంట్లో మేం ముగ్గురం. నేను తిరుపతిలో కాలేజీ పిల్లలకు లెక్కలు చెప్పుకుంటూ సెలవులకు ఇంటికి వచ్చేదాన్ని కాబట్టి, ఆ మూడో మనిషిని లెక్కలోంచి తీసేశాడన్నమాట. కారు ఎంత కిందికి ఉంటుందంటే, లోపల కూర్చున్న మా నాయన, మా వీధి కుక్క ఒకరి మొహం ఒకరు సూటిగా చూసుకునేవాళ్లు.

మా అమ్మ అరవలేదు. మరుసటి రోజు పొద్దున్నే ఆయన్ని కాణిపాకం తీసుకుపోయింది. మా వైపు వాళ్లకు ఇంకేమీ చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకు చెబుతున్నాను: కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేసి తప్పిన మనిషిని మేం నమ్మం, ఆ మనిషి కూడా తనను తాను నమ్ముకోడు. కోర్టులో అబద్ధమాడి నెగ్గుకొచ్చిన వాళ్లు కూడా, ‘అయితే రా, కాణిపాకంలో చెప్పు’ అంటే బస్సెక్కకముందే నిజం ఒప్పుకుంటారు.

మా అమ్మ భయం ఉత్త భయం కాదు. పెళ్లయిన కొత్తలో నాయన స్కూటరుతో సహా రోడ్డు పక్క గోతిలో పడి రెండు నెలలు మంచంలో ఉన్నాడు. ఆ రెండు నెలలూ ఆయనకు అన్నం కలిపి పెట్టింది ఆమే. అందుకని వినాయకుడి ముందు నిలబెట్టి, ఒక్కో ముక్కా తను చెబుతూ ఆయనతో చెప్పించింది. ఈ కారుతో ఆయన ఆగుతాడన్న నమ్మకం లేక, రేపు ఇంకేం కొన్నా అదీ కలిసివచ్చేట్టు మాటలు జాగ్రత్తగా పేర్చింది.

“బండి పేరు చెప్పి నేను కొన్నదాంట్లో దేనికి దెబ్బ తగిలినా, తగిలినదాన్ని ఇంట్లో పెట్టుకోను, అమ్మేస్తాను.”

నాయన అలాగే చెప్పాడు. ఆ రోజు నుంచి ఆ స్పోర్ట్స్ కారు ముప్పై మీద పోయింది లేదు. చెరుకు ట్రాక్టర్లు దాన్ని దాటిపోయేవి. దాటిపోతూ ట్రాక్టరు మీద మనిషి జాలిగా చూసేవాడు.

ఏడాది గడిచాక, ఉన్నట్టుండి ఒకరోజు ముందు అద్దం మీద, స్టీరింగు వైపు కింది మూలన, అరచేయంత నామం స్టిక్కరు కనబడింది. “కాణిపాకంలో పూజ చేసిన బండికి గోవిందుడి నామమేంది?” అంది అమ్మ. “ఇద్దరూ ఉంటారు, పోట్లాడుకోరులే” అన్నాడు నాయన. అప్పట్నించి ఆయన కారెక్కే ముందు వంగి, ఆ నామం మీద బొటనవేలు పెట్టి, గట్టిగా ఒత్తి, కళ్లు మూసుకునేవాడు. మా నాయనకు ఇంత భక్తి ఉందని నాకప్పటిదాకా తెలీదు. చూసి ముచ్చటపడ్డాను కూడా.

పోయిన ఎండాకాలం ఇద్దరూ పన్నెండు రోజుల బస్సు యాత్రకు పోయారు. ఇంటికి కాపలా నేను. పోయేముందు నాయన నన్ను షెడ్డులోకి పిలిచి పెద్ద తాళంచెవి చేతిలో పెట్టాడు.

“రోజు మార్చి రోజు ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు పెట్టు. గేరు ముట్టద్దు. శుక్రవారం శుక్రవారం బండి ముందర కొబ్బరికాయ కొట్టు. గేరు మాత్రం ముట్టద్దు.”

“ఒకసారి చెప్తే తెలుస్తుంది నాయనా. లెక్కలు చెప్పేదాన్ని.”

“అందుకే రెండుసార్లు చెప్పినా” అన్నాడు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అది మా అమ్మ పోలిక. స్కూటరు గోతిలోకి తోలిన మనిషి నాకు గేరు గురించి పాఠం చెప్పడమా అని రెండు రోజులు ఉడికిపోయాను. శుక్రవారం పొద్దున స్నానం చేసి, కారు మీద గుడ్డ తీసి, కర్పూరం వెలిగించి మూడుసార్లు తిప్పాను. ఆ తర్వాత కొబ్బరికాయ ఎత్తి, నాయన మీద ఉన్న కోపమంతా కలిపి షెడ్డు ముందరి బండరాయి మీద కొట్టాను.

కాయ పగల్లేదు. రాయి అంచుకు తగిలి బంతిలాగా లేచి, పోయి ముందు అద్దానికి కొట్టుకుంది. టప్ అని ఒక చప్పుడు. ఆ తర్వాత చిటచిటమంటూ ఒక గీత, కాయ తగిలిన చోటి నుంచి నేను చూస్తుండగానే పాకిపోయి నామం కిందికి దూరి ఆగింది. కాయ మాత్రం దొర్లుకుంటూ వచ్చి నా కాళ్ల దగ్గర నిలబడింది. దాని మీద చిన్న గీత కూడా లేదు.

పది నిమిషాలకు ఫోను. యాత్ర బస్సులోంచి మా అమ్మ.

“కాయ కొట్టినావా?”

“కొట్టినాను మా.”

“బాగా పగిలిందా?”

“చాలా బాగా పగిలింది” అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు.

ఫోను పెట్టేశాక భయం పట్టుకుంది. నన్ను తిడతారని కాదు. తిట్లు నాకు కొత్త కాదు. దెబ్బ తగిలిందని అమ్మకు తెలిసిందంటే కారు పోతుంది. కాణిపాకంలో ఇచ్చిన మాట ఎవరి చేత తగిలిందని అడగదు. ఆ కారు వచ్చాక నాయన పొద్దున్నే లేచి గడ్డం గీసుకుంటున్నాడు. అంగడి ఇచ్చేశాక ఆరు నెలలు ఆయన లుంగీ మార్చుకోవడానికి కూడా బద్ధకించిన మనిషి. నా చేత్తో కొట్టిన కాయతో ఆ కారు పోవడానికి వీల్లేదు అనుకున్నాను. వాళ్లు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. అద్దం మార్చాలి, అదీ మా నాయన కంటికి అనుమానం రాకుండా.

మా కాలేజీలో ఒక మేడం తిరుపతిలో ఒకాయన నంబరు ఇచ్చింది. కార్ల అద్దాలు తప్ప జీవితంలో ఇంకేం ముట్టుకోని మనిషని చెప్పింది. ఫోనులో ఆయన గొంతు నిద్రపోతూ మాట్లాడినట్టుంది. సగం తెలుగు, సగం అరవ యాస.

“ఫోటో పంపుమా. అద్దం మూలలో చిన్నగా రాసుంటాది సూడు, అది కూడా.” పంపాను. “దీనికి అచ్చంగా అదే అద్దం కావాలంటే చెన్నై నుంచి రావాల. అయిదు దినాలు. వేరేది పెడితే రేపే అయిపోతాది. కానీ అది కూర్చోదు, కూర్చున్నట్టు నటిస్తాది.”

“అచ్చంగా అదే కావాలన్నా.”

“వాన పడితే దానంతటదే తుడుచుకునే సెన్సారు ఉండాదా?”

“వాన వస్తే మా నాయన బండి బయటికే తియ్యడన్నా.”

అద్దం వచ్చిందని గురువారం ఫోను చేశాడు. శుక్రవారం తెల్లారకముందే, పెరటి గుమ్మం దగ్గర, కారుకు ఇంటినంతా అడ్డం పెట్టుకొని ఆ వారం కాయ కొట్టాను. అది రెండు చక్కని చెక్కలైంది. తర్వాత గేరు ముట్టాను.

ఏసీ వెయ్యద్దు, గుంతల్లో దించద్దు, చల్లగాలి తగిలితే పగులు పెద్దదవుతుంది అని అద్దాలాయన ముందే చెప్పాడు. ఆ ఎండల్లో ఏసీ లేకుండా తిరుపతి దాకా. పాకాల దగ్గరికి వచ్చేసరికి నా చీర నాకే అంటుకుపోయింది. అయినా నిజం చెప్పాలి కదా: నాకు ఆ ప్రయాణంలో కలిగిన సంతోషం పెళ్లిళ్లలో కూడా కలగలేదు. కాలు కాస్త ఆనిస్తే చాలు, ఆ కారు ‘ఇన్నాళ్లూ ఏమైపోయావు’ అన్నట్టు ముందుకు దూకేది. చంద్రగిరి దాటాక ఒక చెరుకు ట్రాక్టరు కనిపిస్తే మా నాయన పరువు కోసం దాన్ని దాటేశాను.

అద్దాలాయనకు యాభై దాటి ఉంటాయి. రేకుల షెడ్డు, ఒక బెంచీ, గోడకు ఆనించిన అద్దాలు. నన్ను కూర్చోమని, కారు చుట్టూ రెండుసార్లు తిరిగి, కొబ్బరికాయ సంగతి విని నవ్వకుండా తలూపాడు.

“అన్నా, ఆ నామం అట్లే తీసి, కొత్త అద్దానికి అదే చోట పెట్టాల. కొంచెం ఎడమకు వంగుంటుంది. ఆ వంకర కూడా అట్లే ఉండాల.”

ఆయన జుట్టు ఆరబెట్టుకునే మిషను తెచ్చి స్టిక్కరుకు వేడిగాలి పట్టి, గోటితో మెల్లగా లేపాడు. లేపి ఆగిపోయాడు.

“ఇట్ల రామా. ఇది సూడు.”

నామం కింద చిక్కుడుగింజంత గుంట. దాని చుట్టూ సన్నని నక్షత్రం. గుంట నిండా ఎండిపోయిన జిగురు.

“ఇది కాయ దెబ్బ కాదు. రాయి దెబ్బ. ఏడాది పైనే అయింటాది. ఎవరో ఇంట్లో జిగురు పోసి మూసినారు. ఇది లేకపోయుంటే నీ కాయకి అద్దం ఇంత పగిలేదే కాదు.”

ఆ బొటనవేలు, ఆ కళ్లు మూసుకోవడం, నేను పడ్డ ముచ్చట అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. మా నాయన ఏడాదిగా దేవుడికి మొక్కడం లేదు, పగులు పెరిగిందా లేదా అని తడిమి చూసుకుంటున్నాడు. బెంచీ మీద కూర్చుని కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. అద్దాలాయన నాకు మంచినీళ్లిచ్చి పనిలో పడ్డాడు.

ఆయన పని చూసి తీరాలి. పాత జిగురులోంచి సన్నని తీగ దూర్చి, ఒక కొస నా చేతికిచ్చాడు. ఆయన బయట, నేను సీట్లో, రంపం లాగినట్టు చెరో పక్కా లాగాం. అద్దం మొత్తం ఊడి వచ్చింది. చట్రం మీద మిగిలిన పాత జిగురును ఉలితో చెక్కి వెంట్రుక మందం ఉంచాడు, దాని మీదే కొత్తది పట్టుకుంటుందట. రేకు మీద ఒకచోట గీరుకుంటే, తుప్పు పట్టకుండా నల్లరంగు పూసి, ఆరేదాకా టీ తాగుదాం అన్నాడు. నేను తొందరపెట్టబోతే, “గమ్మునుండుమా. ఇది ఇడ్లీ కాదు ఆవిరికి ఉడికేదానికి” అన్నాడు. కొత్త అద్దాన్ని రబ్బరు కప్పులతో పట్టి, ఒక్కసారే దించాడు. రెండోసారి సర్దలేదు. ఆ తర్వాత పైనా పక్కనా టేపులు వేశాడు.

“రేపు పొద్దున దాకా ఈడే ఉండనీ. ఎల్లుండి తెల్లారి టేపు తియ్యి. తలుపులు దబ్బున వెయ్యద్దు, అద్దాలు ఒక వేలంత దించి పెట్టు. రెండు దినాలు నీళ్లు పొయ్యద్దు. ఇంకోటి” అని నా మొహం చూశాడు. “కాయలు దూరంగా కొట్టు.”

పాత అద్దం గోడకు ఆనించి, జేబులోంచి పది రూపాయల బిళ్ల తీసి నాకిచ్చాడు.

“ఇదెందుకన్నా?”

“పాతది నేను పెట్టుకుంటాను కదా. ఊరికే తీసుకుంటే అంగడికి మంచిది కాదు. అమ్మినట్టు ఉండాల.”

నేనూ అంగడి పిల్లనే, తీసుకున్నాను.

శనివారం కారు ఇంటికి చేర్చి, ఆదివారం తెల్లవారుతూనే టేపు పీకేశాను. ఎనిమిదింటికి వాళ్లు వచ్చారు. అమ్మ లోపలికి పోయింది, నాయన కాళ్లు కూడా కడుక్కోకుండా షెడ్డులోకి పోయాడు.

“కిటికీలు ఎవరు దించినారు?”

“లోపల వేడెక్కుతుందని నేనే నాయనా.”

ఆయన వంగాడు. నామం మీద బొటనవేలు పెట్టి ఒత్తాడు. కళ్లు తెరిచాడు. మళ్లీ ఒత్తాడు. నా వైపు చూసి, నేను చూడనట్టు నటిస్తే, లోపలికి పోయి కళ్లజోడు తెచ్చుకున్నాడు. స్టిక్కరు మూల గోటితో కొంచెం లేపి చూశాడు. మెల్లగా అంటించి, షెడ్డు మెట్టు మీద కూర్చుండిపోయాడు. ఆయనకు దొరికిపోయాననుకున్నాను. ఆయన రెండు చేతులూ ఎత్తి, తిరుమల కొండ ఉండే దిక్కుకు తిరిగి దండం పెట్టాడు.

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. పన్నెండు రోజులు గుళ్లూ గోపురాలూ తిరిగొచ్చిన మనిషి. నామం పెట్టిన చోట గాజు మానిపోయింది. ఇంకేమనుకుంటాడు?

అక్కడే చెప్పేసి ఉండాలి. చెప్పలేదు. చెప్పకపోగా ఆటాడించాను, ఒప్పుకుంటున్నాను. ఆయన మహిమ చూసిన మనిషి, కానీ ఎవరికీ చెప్పుకోలేడు. చెబితే పగులు సంగతి చెప్పాలి. లోపల దాచుకోలేక వంటింటికీ షెడ్డుకూ తిరిగేవాడు. మంగళవారం నా దగ్గర కూర్చున్నాడు.

“పాపా, దేవుడు మనుషుల్నే కాకుండా వస్తువుల్ని కూడా బాగుచేస్తాడంటావా?”

“ఏ వస్తువుల్ని నాయనా? మిక్సీ లాంటివా?”

“కాదు. గాజు సామాన్లు, అట్లాంటివి.”

“గాజా? దానికి చాలా భక్తి ఉండాల నాయనా.”

ఆయన మొహం వెలిగిపోయింది. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

శుక్రవారం కాణిపాకం పోదాం అన్నాడు. వాళ్లిద్దరూ కారులో, నేను బస్సులో. మా బస్సు దారిలో వాళ్లను దాటిపోయింది. దర్శనమయ్యాక కారు దగ్గరికి వచ్చాం. కొబ్బరి చెక్కల సంచి చేతిలో పట్టుకొని, నాయన ఎండలో నిలబడి అమ్మకు మొత్తం చెప్పాడు. ఏడాది కిందట కంకర టిప్పరు వెనక పోతుంటే రాయి ఎగిరి తగిలిందని, అమ్మ అల్మరాలోంచి జిగురు తీసి ఆ గుంటలో పోశానని, పైన నామం అతికించానని.

“అల్మరాలో జిగురు అయిపోయిన దినమే అనుకున్నా, ఏందో అతికించినాడని” అంది అమ్మ.

“స్వామి దాన్ని మాన్పినాడు. నువ్వే తడిమి సూడు. నేను అబద్ధమాడినా కూడా ఆయన మాన్పినాడే, నాకది తట్టుకోలేకుండా ఉండాది. మాన్పినా దెబ్బ తగిలింది నిజమే కదా. ఇచ్చిన మాట తప్పి ఏడాది తిరిగినాను. సోమవారం అమ్మేస్తాను.”

ఆయన చెయ్యి బానెట్టు మీద ఉంది. అంత ఎండలో, కాలుతున్న రేకు మీది నుంచి ఆయన చెయ్యి తియ్యలేదు. వారం రోజులుగా నేను నవ్విన నవ్వుకు నాకే సిగ్గేసింది. నోరు మూసుకుంటే ఆయనకు మహిమ మిగులుతుంది, కారు పోతుంది. చెబితే మహిమ పోతుంది, కారు మిగులుతుందన్న నమ్మకం కూడా లేదు. అయినా వినాయకుడి వాకిట్లో నిలబడి ఎంతసేపని మూసుకోను.

“నాయనా, మానింది కాదు. మార్చింది” అన్నాను. కొబ్బరికాయ దగ్గర్నుంచి టేపు దాకా, గేరుతో సహా చెప్పాను.

ఆయన బానెట్టు మీది నుంచి చెయ్యి తీశాడు. “అయితే, స్వామి కాదా?”

“కాదు నాయనా. తిరుపతిలో అద్దాలాయన.”

ఆయన నామం వైపు చూసి తల దించుకున్నాడు. కారు పోతుందన్నప్పుడు కూడా ఆయన మొహం అంతగా వాడలేదు. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను. తప్పయిందని చెప్పాను.

మా అమ్మ మాత్రం ఇంకేదో లెక్క చూస్తోంది.

“పాత అద్దం యాడుండాది?”

“ఆయనే పెట్టుకున్నాడు.”

“ఊరికే ఇచ్చేసినావా?”

“లేదు మా. పది రూపాయలిచ్చినాడు, అమ్మినట్టు ఉండాలని.” పర్సులో విడిగా పెట్టిన బిళ్ల తీసి చూపించాను.

అమ్మ ఆ బిళ్ల తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

“నేను ఆ పొద్దు ఏం చెప్పించినాను? దెబ్బ తగిలినదాన్ని ఇంట్లో పెట్టుకోకుండా అమ్మెయ్యాల అని కదా. దెబ్బ తగిలింది దేనికి? అద్దానికి. అమ్మింది దేన్ని? అద్దాన్ని. ఇంక కారు ఎందుకు అమ్మాల?”

నాయన నోరు తెరిచాడు. “అది కాదు మే…”

“మాట చెప్పించింది నేను. దాని అర్థం నాకు తెలీదా?” అంటూ పోయి ఆ పది రూపాయలూ హుండీలో వేసి వచ్చింది. వచ్చి నాయన చేతిలోంచి తాళంచెవి లాక్కుని నాకిచ్చింది. చీర సర్దుకుని, మోకాళ్లు పట్టుకుని, రోడ్డు మీద కూర్చున్నట్టు ఆ కిందికి ఉండే సీట్లోకి దిగింది.

“నువ్వు బస్సులో రా అయ్యా. ఏడాది నన్ను అబద్ధం మింద కూర్చోబెట్టి తిప్పినావు కదా. ఈ పొద్దు పాప తోలుతాది.”

నాయన కొబ్బరి చెక్కల సంచితో బస్టాండు వైపు నడిచాడు. నాలుగడుగులు వేసి వెనక్కొచ్చి, వంగి, అదే బొటనవేలు నామం మీద పెట్టాడు. ఈసారి ఒత్తలేదు. కళ్లు మూసుకుని, ఊరికే ఉంచాడు. ఆ తర్వాత నాతో, “గేరు నిదానంగా మార్చు” అని చెప్పి పోయాడు.

నేను జాగ్రత్తగా రోడ్డెక్కి, ముప్పై దాటకుండా చిత్తూరు వైపు తిప్పబోయాను.

“ఇంటికి యాడ? ఐరాలకు పోనీ. మా చెల్లెలు ఇంకా ఈ బండి చూడలేదు” అంది అమ్మ. కొంచెం దూరం పోయాక ఒక ట్రాక్టరు మమ్మల్ని దాటింది. ఆమె దాన్ని చూసింది, నన్ను చూసింది.

“ఏందే ఇది, మీ నాయన తోలినట్టు తోల్తావు? బిరీన పో.”